కనబడని దెబ్బ

పాఠ్యభాగ పరిచయం

ఆటలో తగిలే గాయాలన్నీ నెత్తురు కారేవి కావు. చర్మం చిట్లకుండా, ఎముక విరగకుండా మెదడును మాత్రమే కుదిపి వెళ్ళే గాయం ఒకటున్నది. స్త్రీల రగ్బీ వృత్తిక్రీడగా మారిన ఈ కాలంలో ఆ గాయాన్ని గురించి శాస్త్రజ్ఞులు తెలుసుకొన్న విషయాలు మన ఊళ్ళలో ఆడపిల్లలు ఆడే కబడ్డీకి ఏ విధంగా వర్తిస్తాయో ఈ పాఠం తెలుపుతుంది. రచయిత్రి జూనియర్ కళాశాల అధ్యాపకురాలు.

పాఠం

జగిత్యాల జిల్లాలోని వెల్గటూరు మండలం గోదావరి తీరాన ఉన్నది. శాతవాహనుల తొలికాలపు నాణేలు దొరికిన కోటిలింగాల ఈ మండలంలోని గ్రామమే. చరిత్ర పాఠంలో ఆ పేరు మీరు చదివే ఉంటారు. అయితే ఆ ప్రాంతపు పల్లెల్లో కొన్నాళ్ళు తిరిగిన నాకు వెల్గటూరు అనగానే మొదట కళ్ళకు కట్టేది నాణేలు కావు, సాయంకాలపు కబడ్డీ ఆట. బడి వదిలిన తరువాత పిల్లలు సున్నంతో గీతలు గీసేవారు. రాళ్ళు ఏరి పారవేసేవారు. నేల మెత్తబడడానికి నాలుగు బిందెల నీళ్ళు చల్లేవారు. అంతే, మైదానం సిద్ధం. మగపిల్లలు ఆడి అలసిన తరువాతనే ఆడపిల్లలకు వంతు వచ్చేది. వెలుతురు తగ్గిన ఆ అరగంటలోనే వాళ్ళు ఒక రోజు ఆటంతా ఆడివేసేవారు.

ఆడపిల్లల కబడ్డీని తేలికగా చూసేవారు ఆ ఆటను దగ్గర నుండి చూడలేదన్నమాట. స్త్రీల కబడ్డీ 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ప్రవేశించింది. అక్కడా, 2014లో ఇంచియాన్‌లోనూ భారత జట్టే స్వర్ణం గెలుచుకొన్నది. 2018లో జకార్తాలో ఇరాన్ చేతిలో 24-27 తేడాతో ఓడిపోయింది. 2023లో హాంగ్‌జౌలో చైనీస్ తైపీని 26-25తో, అంటే ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడించి స్వర్ణాన్ని తిరిగి తెచ్చుకొన్నది. 2012లో పాట్నాలో జరిగిన తొలి మహిళా ప్రపంచకప్పులో జట్టును నడిపిన మమతా పూజారి కర్ణాటకలో పుట్టి, సికింద్రాబాద్ కేంద్రంగా గల దక్షిణమధ్య రైల్వేలో ఉద్యోగం చేస్తూ ఆడిన క్రీడాకారిణి. 2014లో ఆమెకు అర్జున పురస్కారం లభించింది. ఆటతో ఉద్యోగం వస్తుంది, ఉద్యోగంతో ఇల్లు నిలబడుతుంది అని మన పల్లెల్లోని ఆడపిల్లలు నమ్మడానికి ఇటువంటి జీవితాలే ఆధారం. ఈ నమ్మకాన్ని గుర్తుంచుకోండి. దీని సంగతి ముందు ముందు మళ్ళీ వస్తుంది.

కబడ్డీలో ప్రాణమంతా పట్టులోనే ఉన్నది. కూతకు వచ్చినామె ఎవరినో ఒకరిని తాకి గీత దాటాలని చూస్తుంది. ఆమెను గీత దాటనీయకుండా ఆపాలని అవతలివారు చూస్తారు. చీలమండను పట్టేవారు కొందరు, తొడను పట్టేవారు కొందరు, వెనుక నుండి నడుమును చుట్టేవారు మరికొందరు. ఇద్దరు చేతులు కలిపి గొలుసువలె అడ్డుపడడమూ ఉన్నది. కూతకు వచ్చినవారి నోరు మూయరాదని, గొంతు పట్టరాదని, కాళ్ళతో కత్తెర వేయరాదని, గాయమయ్యేటట్లు మొరటుగా పట్టరాదని నియమావళి చెబుతున్నది. మంచి నియమమే. కాని ఆ నియమం కాపాడేది కూతకు వచ్చినామెను. చీలమండను అందుకోవడానికి నేల మీదికి దూకి, పరుగెత్తే మోకాలికి ఎదురుగా తన తలను తీసుకొనివెళ్ళే పిల్ల సంగతి ఏమిటి? ఆమె తలకు ఏ నియమమూ కాపలా లేదు.

ఈ ప్రశ్నను మనకంటే ముందు, మనకంటే గట్టిగా వేసుకొన్నవారు రగ్బీ ఆటవారు. రగ్బీ మనకు కొత్తగా తోచవచ్చును గాని ఒక విధంగా అది కబడ్డీకి దూరపు చుట్టమే. జట్టుకు పదిహేను మంది. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకొని ఒకరు ముందుకు పరుగెత్తుతారు. ఎదుటి జట్టువారు వారిని చేతులతో చుట్టి నేలకు పడగొడతారు. ఈ పడగొట్టడాన్నే టాకిల్ అంటారు. మన భాషలో పట్టు అనడమే సముచితం. ఆట ఎనభై నిమిషాలు సాగుతుంది. ఒక్కొక్క ఆటలో ఇటువంటి పట్టులు వందకు పైగా పడతాయి. (మన దేశానికి ఈ ఆటతో పాత సంబంధమే ఉన్నది. కలకత్తాలోని ఆంగ్లేయులు తమ రగ్బీ క్లబ్బును మూసివేసినప్పుడు మిగిలిన వెండి రూపాయలను కరిగించి ఒక కప్పు చేయించారు. ఇంగ్లండు, స్కాట్లండు జట్లు 1879 నుండి ఆడుతున్నది ఆ కలకత్తా కప్పు కోసమే. దాని పిడులు నాగుపాములు, మూత మీద ఏనుగు.)

స్త్రీల రగ్బీలో తొలి ప్రపంచకప్పు 1991లో వేల్స్‌లో జరిగింది. చాలాకాలం వరకు ఆడేవారంతా పగలు ఉద్యోగం, సాయంత్రం సాధన చేసుకొన్నవారే. 2019లో ఇంగ్లండు తన స్త్రీల జట్టులోని ఇరవైఎనిమిది మందికి పూర్తికాలపు జీతాలు ఇచ్చింది. తరువాత మరికొన్ని దేశాలు ఆ దారి పట్టాయి. 2025 సెప్టెంబరు 27న లండన్‌లోని ట్వికెన్‌హామ్ మైదానంలో జరిగిన ప్రపంచకప్పు తుదిపోటీలో ఇంగ్లండు కెనడాను 33-13తో ఓడించినప్పుడు చూడవచ్చినవారి సంఖ్య 81,885. వృత్తిక్రీడ అయిన తరువాత ఆడేవారి కండబలం పెరిగింది, వేగం పెరిగింది. ఢీకొన్నప్పుడు పుట్టే శక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని మీ భౌతికశాస్త్ర పాఠమే చెబుతున్నది. వేగం రెట్టింపైతే ఆ శక్తి నాలుగింతలు. కాని మెదడు మాత్రం పాతకాలపు మెదడే.

తలకు దెబ్బ తగిలినప్పుడు లోపల జరిగేదేమిటి? మెదడు పుర్రెకు అతుక్కొని ఉండదు. మస్తిష్కమేరుద్రవంలో తేలియాడుతూ ఉంటుంది. తల మీద పెరుగు కుండ పెట్టుకొని నడిచే మనిషి చటుక్కున ఆగినట్లయితే కుండ ఆగుతుంది గాని లోపలి పెరుగు ఆగదు, అంచుకు కొట్టుకొంటుంది. మెదడు కూడా అంతే. తల నేరుగా వెనుకకు, ముందుకు కదలడం కంటె గిర్రున తిరగడం మరింత చేటు. ఆ తిప్పుడుకు మెదడులోని పొరలు ఒకదాని మీద ఒకటి జారి, నాడీకణాల నుండి సాగే సన్నని తంతువులు సాగుతాయి. తంతువు సాగినప్పుడు కణంలోని లవణాల సమతూకం చెడుతుంది. దానిని సరిచేయడానికి మెదడు తన దగ్గరున్న శక్తినంతా ఖర్చు పెడుతుంది. అందుచేతనే దెబ్బ తిన్న మనిషికి ఆలోచన మందగిస్తుంది, మాట తడబడుతుంది, వెలుతురు భరించరానిదవుతుంది. వైద్యులు ఈ స్థితిని కంకషన్ అంటారు.

దీనిని గురించి ప్రజలలో రెండు పొరపాటు అభిప్రాయాలు పాతుకొని ఉన్నాయి. స్పృహ తప్పితేనే పెద్ద దెబ్బ అనేది మొదటిది. నిజానికి ఈ గాయమైనవారిలో నూటికి పదిమంది కూడా స్పృహ తప్పరు. స్కానింగులో ఏమీ కనబడకపోతే ఏమీ లేనట్లే అనేది రెండవది. స్కానింగు నెత్తురు గడ్డను చూపుతుంది, ఎముక చిట్లితే చూపుతుంది. సాగిన తంతువును, అలసిన కణాన్ని చూపలేదు. స్కానింగు అనవసరమని దీని అర్థం కాదు. నెత్తురు గడ్డ కట్టలేదని నిర్ధారించుకోవడానికి అది కావలసిందే. అయితే ‘ఫిలిం బాగానే ఉన్నది, రేపు ఆడుకో’ అనే మాట మాత్రం ఆ ఫిలింలో ఎక్కడా వ్రాసి ఉండదు.

2013, 2015 సంవత్సరాల నడుమ పురుషుల వృత్తిరగ్బీలో జరిగిన పదిహేను వందలకు పైగా ఆటలను పరిశోధకులు వీడియోలలో పరిశీలించారు. తల పరీక్ష అవసరమైన సందర్భాలలో నూటికి 76 పట్టు పడినప్పుడే కలిగాయి. ఇందులో వింత లేదు. వింత ఏమిటంటే, ఆ పట్టులలో దెబ్బ తిన్నది పడగొట్టబడినవారు కాదు. నాలుగింట దాదాపు మూడు వంతులు పట్టబోయినవారే. నిటారుగా నిలబడి పట్టబోయిన వారికి అపాయం మరింత హెచ్చు. నడుము వంచి పట్టినవారికి తక్కువ. కారణం సులభమే. నిటారుగా నిలబడినప్పుడు తలకు ఎదురుగా తల వస్తుంది. 2017 జనవరి నుండి ప్రపంచ రగ్బీ సంస్థ భుజాల గీతకు పైన పట్టడాన్ని కఠినంగా శిక్షించసాగింది. 2023లో ఇంగ్లండు తన గ్రామీణ, పాఠశాల స్థాయి ఆటలలో పట్టు ఎత్తును రొమ్ము ఎముక కింది అంచు వరకు దించింది. అప్పుడు పాతతరం ఆటగాళ్ళు కొందరు ఆట చచ్చిపోయిందని గొడవ చేశారు. ఆట చావలేదు.

స్త్రీల విషయంలో చిక్కు కొంత వేరుగా ఉన్నది. వారి మెడ చుట్టుకొలత, మెడకండరాల బలం సగటున పురుషులకంటే తక్కువ. మెడ తలకు కట్టుకొయ్య వంటిది. కట్టుకొయ్య సన్ననిదైతే గంగడోలు దూడ గుంజినా ఊగుతుంది. వెల్లకిలా పడినప్పుడు మెడ కొరడావలె విసురుకొని తల వెనుకభాగం నేలకు కొట్టుకొనడం స్త్రీల రగ్బీలో ఎక్కువగా కనబడుతున్నదని వేల్స్‌లోని స్వాన్సీ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 2018లో మరొక సంగతి ప్రకటించారు. స్త్రీల నాడీతంతువులు పురుషుల తంతువులకంటే సన్ననివి, వాటిలోని సూక్ష్మనాళికలు తక్కువ, కనుక ఒకే లాగుడుకు అవి ఎక్కువగా దెబ్బతింటున్నాయని ప్రయోగశాలలో పెంచిన కణాల ద్వారా వారు చూపారు.

శరీర నిర్మాణం ఒక్కటే కారణమని నేను అనుకోను. పడడం కూడా ఒక విద్య. మగపిల్లవాడు అయిదో ఏట నుండి మట్టిలో పడిలేస్తూ, గదవను రొమ్ముకు ఆనించి భుజం మీద దొర్లడం తెలియకుండానే నేర్చుకొంటాడు. ఆడపిల్లను పడనీయరు. దెబ్బ తగిలితే రేపు పెళ్ళికి ఇబ్బంది అంటారు. పదహారో ఏట కళాశాల జట్టులో చేరిన నాడే ఆమె మొదటిసారి పడుతుంది. ఎట్లా పడాలో చెప్పినవారు లేరు. రగ్బీలోనూ చాలామంది స్త్రీలు పెద్దయిన తరువాతనే ఆటలోకి వచ్చారని, పట్టులో మెలకువలు నేర్చుకొనే అవకాశం ఆలస్యంగా దొరికిందని శిక్షకులు చెబుతారు. మెడ సన్ననిదవడం ప్రకృతి. నేర్పకపోవడం మన నిర్వాకం.

వృత్తిరగ్బీలో ఇప్పుడు దంతాలకు పెట్టుకొనే రబ్బరు తొడుగులోనే ఒక చిన్న యంత్రాన్ని అమర్చుతున్నారు. తల ఎంత వేగంగా కదిలిందో అది కొలుస్తుంది. పై దవడ పుర్రెలో భాగం కనుక పంటి కొలత తల కొలతే అవుతుంది. ఈ తొడుగులను 2023 అక్టోబరులో స్త్రీల అంతర్జాతీయ పోటీలలో మొదట వాడి, 2024 నుండి పురుషుల ఆటలోనూ ప్రవేశపెట్టారు. కదలిక పురుషులకు గురుత్వ త్వరణానికి 75 రెట్లు, స్త్రీలకు 65 రెట్లు దాటితే మైదానం పక్కనున్న వైద్యులకు హెచ్చరిక వెళ్తుంది. గిర్రున తిరిగే కదలికకు కోణీయ త్వరణపు హద్దు వేరుగా ఉన్నది. 2025 ప్రపంచకప్పులో మరొక ముందడుగు వేశారు. హద్దు దాటగానే క్రీడాకారిణి నోటిలోనే ఎర్రదీపం వెలుగుతుంది. చూసినవారు మొదట నవ్వుకొన్నారు గాని అందులోని తెలివి గొప్పది. దెబ్బ తిన్నామె ‘నాకేమీ కాలేదు’ అనడానికి వీలు లేదు. ఆమె నోరే ఆమెను పట్టిస్తుంది. దీపం వెలిగినామె బయటకు రావాలి. పన్నెండు నిమిషాలు ఆమెకు జ్ఞాపకశక్తి, తూకం, మాట పరీక్షిస్తారు. ఆటలోకి తిరిగి వెళ్ళినా వెళ్ళకపోయినా, ఆట ముగిసిన మూడు గంటలలోపల ఒకసారి, రెండు రాత్రులు గడిచిన తరువాత మరొకసారి పరీక్షలు ఉంటాయి. దెబ్బ ఆ రోజే బయటపడకపోవచ్చు.

ఒక దెబ్బ మానిపోతుంది. మానకముందే మరొకటి తగిలితే మెదడు ఒక్కసారిగా ఉబ్బి ప్రాణాపాయం కలిగే ప్రమాదమున్నది. ఇది అరుదు, కాని కలిగేది ఎక్కువగా మీ వయసు పిల్లలకే. ఏండ్ల తరబడి చిన్నచిన్న దెబ్బలు పోగుపడితే జరిగేది వేరు. 1928లోనే అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ ముష్టియోధులలో వచ్చే మతిమరుపును, తడబాటును వర్ణించాడు. 2002లో నైజీరియాలో పుట్టిన బెన్నెట్ ఒమలూ అనే వైద్యుడు మైక్ వెబ్‌స్టర్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి మెదడును సూక్ష్మదర్శినిలో పరిశీలించి, టౌ అనే ప్రోటీను అక్కడక్కడ పేరుకొని ఉండడాన్ని గుర్తించాడు. ఈ జబ్బు నిర్ధారణ అయ్యేది మరణించిన తరువాతనే.

చాలాకాలం ఇది మగవారి జబ్బు అనుకొన్నారు. స్త్రీల మెదడులను పరిశీలించినవారు లేకపోవడమే అందుకు కారణం. హెదర్ ఆండర్సన్ అనే ఆస్ట్రేలియా యువతి ఆ దేశపు ఫుట్‌బాల్‌లో 2017లో మొదలైన తొలి స్త్రీల వృత్తిపోటీలలో అడిలైడ్ జట్టుకు ఆడింది. ఆ జట్టే ఆ ఏడు గెలిచింది. అదీ మనిషిని పట్టి ఆపే ఆటే. సైన్యంలో ఆమె వైద్యసహాయకురాలు. మైదానంలో ఎర్రగులాబి రంగు మెత్తని టోపీ పెట్టుకొని ఆడేది. ఆమె తల్లికి చూపు సరిగా ఆనదు. గుంపులో తన బిడ్డ ఎక్కడుందో అమ్మ గుర్తుపట్టాలని ఆ రంగు. 2022 నవంబరులో, ఇరవైఎనిమిదేళ్ళ వయసులో ఆమె మరణించింది. కుటుంబం ఆమె మెదడును పరిశోధనకు ఇచ్చింది. వృత్తిక్రీడాకారిణులలో ఈ జబ్బు నిర్ధారణ అయిన మొదటి వ్యక్తి ఆమెయేనని 2023 జూలైలో ప్రకటించారు. మెత్తని టోపీ చర్మం చీరుకుపోకుండా కాపాడుతుంది. పుర్రె లోపలి కదలికను ఆపలేదు. అమ్మకు కనబడడానికి పెట్టుకొన్న టోపీ ఆ పని మాత్రం చేసింది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట మా కళాశాల బాలికల జట్టును తీసుకొని నేను ఒక పట్టణంలో జరిగిన అంతర కళాశాలల పోటీలకు వెళ్ళాను. జట్టులో ఎడమ మూలన ఆడే పిల్ల ఒకతె ఉండేది. తండ్రి గల్ఫ్‌లో కూలి. తల్లి బీడీలు చుట్టేది. ఆమె చీలమండ పట్టు పడితే విడిపించుకొన్నవారు లేరు. సెమీఫైనల్ చివరి నిమిషాలలో, ఒక్క పాయింటు తేడా ఉన్నప్పుడు, ఆమె దూకి కాలు అందుకొన్నది. వెనుదిరిగిన అమ్మాయి మోకాలు వచ్చి ఆమె కణతకు తగిలింది. పట్టు వదలలేదు. పాయింటు వచ్చింది. లేచి నిలబడి అవతలి జట్టువైపు నడిచింది. తోటిపిల్లలు నవ్వుతూ చేయి పట్టి ఇటు తిప్పారు.

నేను నీళ్ళు తీసుకొని పరుగెత్తాను. మొగాన చల్లాను. ఎవరో సోడా తెచ్చారు. “ఏం గాలేదు మేడమ్, ఆడుత” అన్నది. నేను ఆమె కళ్ళు చూడలేదు, పలకమీది పాయింట్లు చూశాను. సరే అన్నాను. ఫైనల్ కూడా ఆడింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్కనే కూర్చుంది. “మనం గెలిచినమా మేడమ్?” అని అడిగింది. గెలిచామని చెప్పాను. ధర్మపురి రాకముందే అదే మాట మూడుసార్లు అడిగింది. మూడోసారి అడిగినప్పుడు బస్సులో పిల్లలెవరూ నవ్వలేదు.

ఆ తరువాత రెండు నెలలు ఆమెకు తలనొప్పి తగ్గలేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోయేవి. బీడీలు లెక్కపెట్టబోతే లెక్క తప్పేది. తల్లికి మొదట కోపం వచ్చింది, చదువు తప్పించుకోవడానికి వేషాలనుకొన్నది. ఒకరోజు కళాశాలకు వచ్చి బిడ్డ జుట్టు పాయలు తీసి నాకు చూపింది. “దెబ్బ యాడ తాకింది మేడమ్? నాకైతే యాడ కనబడ్తలేదు” అన్నది. చెప్పడానికి నాకు మాటలు లేవు. ఈ పాఠంలో పైన వ్రాసినదేదీ ఆనాడు నాకు తెలియదు. తెలియకపోవడం ఒక సగం. ఆ పిల్ల అవతలి జట్టువైపు నడిచినప్పుడు ఏదో తప్పు జరిగిందని నా మనసుకు తోచింది. తోచిన మాటను పాయింటు కోసం పక్కకు నెట్టాను. అది రెండో సగం. ఆమె ఆ ఏడు పరీక్షలు వ్రాయలేకపోయింది. మరుసటి ఏడు వ్రాసి గట్టెక్కింది. కబడ్డీ మళ్ళీ ఆడలేదు.

ఆమె నిజం దాచినందుకు ఆమెను తప్పుపట్టలేము. పాఠం మొదట చెప్పిన నమ్మకం ఇక్కడే అడ్డం వస్తుంది. జట్టులో చోటు పోతే జిల్లా ఎంపిక పోతుంది, ఎంపిక పోతే క్రీడల కోటా పోతుంది అని పిల్లలు లెక్క వేసుకొంటారు. పైగా దెబ్బ తగిలిందని ఇంట్లో తెలిస్తే ఆటే మాన్పిస్తారన్న భయం. మగపిల్లవాడు చేయి విరగ్గొట్టుకొని వస్తే కట్టు కట్టించి మళ్ళీ పంపే ఇంట్లోనే, ఆడపిల్లకు మోకాలు దోక్కుపోతే ఆట బంద్ అంటారు. కనుక ఆమె దాస్తుంది. రగ్బీలో జీతాలు తీసుకొని ఆడేవారు సైతం దాచినవారే. అందువల్లనే నిర్ణయాన్ని వారి చేతి నుండి తీసి పంటి తొడుగుకు, వైద్యునికి అప్పగించారు. మన ఊరి మైదానంలో పంటి తొడుగు లేదు, వైద్యుడు లేడు. ఉన్నది తోటి పిల్లలు, ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు లేదా నాబోటి అధ్యాపకురాలు. కాని చూడడానికి యంత్రం అక్కరలేదు.

తలకు దెబ్బ తగిలినామె లేవడానికి ఆలస్యం చేసినా, తూలినా, చూపు నిలపలేకపోయినా, అడిగినదే అడిగినా ఆట నుండి తప్పించాలి. ఈ రోజు ఏ వారం, ఎవరి మీద ఆడుతున్నాము, చివరి పాయింటు ఎవరిది అని అడగవచ్చు. జవాబు సరిగా చెప్పినంతమాత్రాన గాయం లేదని కాదు. అనుమానం ఉంటే ఆ రోజు ఆట ముగిసినట్లే. ఆమెను ఒంటరిగా ఇంటికి పంపరాదు. తలనొప్పి గంటగంటకు పెరగడం, పదేపదే వాంతులు, మూర్ఛ, ఒక కంటిపాప పెద్దదిగా మారడం, లేపినా లేవనంత మగత, ముక్కు నుండి గాని చెవి నుండి గాని నెత్తురు లేదా నీరు కారడం, చేయి కాలు తిమ్మిరెక్కడం - వీటిలో ఏ ఒక్కటి కనబడినా అది అత్యవసర స్థితి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మెడ నొప్పి అంటే మెడను కదిలించరాదు. తలకు జండూబాం రాసి పడుకోబెట్టడం చికిత్స కాదు.

బ్రిటన్ 2023లో ప్రకటించిన సూచనల ప్రకారం మొదటి ఒకటి రెండు రోజులు మెదడుకు విశ్రాంతి ఇవ్వాలి. టీవీ, సెల్‌ఫోన్ తగ్గించాలి. తరువాత నెమ్మదిగా నడక, చదువు మొదలుపెట్టాలి. చదువు కుదుటపడిన తరువాతనే ఆట. పోటీకి దిగడం మాత్రం ఇరవైఒక్క రోజులకు ముందు కూడదు. పరీక్షల ముందు దెబ్బ తగిలిన పిల్ల తల్లిదండ్రులు, అధ్యాపకులు ఈ క్రమాన్ని గుర్తుంచుకోవాలి. మెదడుకు విశ్రాంతి కావలసిన రోజుల్లో రాత్రింబవళ్ళు బట్టీ పట్టించడం విరిగిన కాలితో పరుగు పెట్టించడం వంటిదే.

ముందుజాగ్రత్తకు డబ్బు అక్కరలేదు. ప్రపంచ రగ్బీ సంస్థ వాడుతున్న సాధన క్రమం ఒకటున్నది. ఆటకు ముందు ఇరవై నిమిషాలు తూకం, దూకి నిలబడడం, మెడకండరాల బిగింపు అభ్యాసం చేయిస్తారు. ఇంగ్లండు పాఠశాలల బాలురలో వారానికి మూడుసార్లు దీనిని చేసిన జట్లలో కంకషన్లు నూటికి 59 వంతులు తగ్గినట్లు బాత్ విశ్వవిద్యాలయం 2017లో తెలిపింది. అది బాలుర లెక్కే గాని మెడ గట్టిపడితే మేలు పొందేది మెడ సన్ననివారే కదా! అరచేతిని నుదుటికి ఆనించి తలతో నెట్టడం, చేతితో ఆపడం. అట్లే పక్కలకు, వెనుకకు. ఇంత మాత్రానికి వ్యాయామశాల కావాలా? చీలమండ పట్టుకు దూకేటప్పుడు తలను మోకాళ్ళకు ఎదురుగా కాక పక్కకు ఉంచడం, కళ్ళు తెరిచి ఉంచడం, వెల్లకిలా పడేటప్పుడు గదవను రొమ్ముకు అదమడం - వీటిని అరటి బోదెతోనో, బియ్యపు సంచిలో గడ్డి కూరియో నేర్పవచ్చు. నేలను లోతుగా తవ్వి, ఇసుక కలిపి మెత్తన చేయడం మన పెద్దలకు తెలిసిన పనే. మ్యాట్ లేదని వగచే అవసరం లేదు. గోదావరి పక్కన ఉన్నవారికి ఇసుక కొరతా?

ఇదంతా చదివి ఆడపిల్లను ఆట మాన్పించాలని ఎవరైనా అనుకొంటే నేను వ్రాసినది చెడ్డపని అవుతుంది. మాన్పించిన పిల్ల మెదడు క్షేమంగా ఉంటుంది. ఆమె ధైర్యం, జట్టు, ఊరు దాటిన బస్సు ప్రయాణం, ఉద్యోగపు ఆశ పోతాయి. నేను చూసిన ఆ పిల్లకు శిరోఘాతం వల్ల కలిగిన నష్టంలో సగం ఆట వల్ల కలిగినది కాదు, ఆమెను మళ్ళీ మైదానంలోకి పంపిన నా ‘సరే’ వల్ల కలిగినది.

కబడ్డీ జట్టులో పన్నెండు మంది ఉంటారు. ఆడేది ఏడుగురు. తక్కిన అయిదుగురు గీత బయట కూర్చుంటారు. ఆ అయిదుగురిలో ఒకరిని లోపలికి పిలవడానికి నియమావళి ఏనాడూ అడ్డు చెప్పలేదు. ఆనాడు కూడా మా జట్టు వైపు అయిదుగురు పిల్లలు గీత బయట కూర్చొని, నేను ఎప్పుడు పిలుస్తానా అని నా మొగం వంకే చూస్తున్నారు.

అర్థాలు

శిరోఘాతం = తలకు తగిలిన దెబ్బ
కణత = కంటికి, చెవికి నడుమనున్న భాగం
గదవ = చుబుకం
మగత = తెలివి, నిద్ర కాని మత్తు స్థితి
కట్టుకొయ్య = పశువును కట్టివేసే గుంజ
నిర్వాకం = చేసిన పని (ఎత్తిపొడుపుగా)

ప్రశ్నలు

1. పట్టు పడినప్పుడు పట్టబోయినవారికే ఎక్కువ అపాయం కలగడానికి కారణాలేమిటి? వ్యాసరూపంలో వ్రాయండి.
2. స్త్రీల విషయంలో ఈ గాయపు చిక్కు ఎట్లా వేరుగా ఉన్నదో, రచయిత్రి అందుకు చూపిన సామాజిక కారణమేమిటో వివరించండి.
3. “నేను ఆమె కళ్ళు చూడలేదు, పలకమీది పాయింట్లు చూశాను” - సందర్భాన్ని తెలిపి, ఈ మాటలోని భావాన్ని వ్రాయండి.
4. హెదర్ ఆండర్సన్ టోపీని గురించి అయిదారు వాక్యాలలో వ్రాయండి.
5. మీ కళాశాల మైదానంలో ఒక క్రీడాకారిణి తలకు దెబ్బ తగిలింది. ఆమె ఆడతానంటున్నది. జట్టు నాయకురాలిగా మీరు ఆమెతోను, అధ్యాపకులతోను ఏమి మాట్లాడతారో సంభాషణగా వ్రాయండి.
6. విడదీసి, సంధి పేరు తెలపండి: ప్రాణాపాయం, శిరోఘాతం, అత్యవసరం.
7. విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు తెలపండి: తల్లిదండ్రులు, నాడీకణాలు, ఇరవై నిమిషాలు.